గోడవార పాతిన ముద్ద

ఊళ్ళో ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని ఆలోచించే మనుషులు కొందరుంటారు. సింగన్నపేటలో లక్ష్మణమ్మ అలాంటి మనిషి. ఆమెను చెడ్డదని మాత్రం అనకండి. తల్లి పోయినప్పుడు చంటివాడుగా ఉన్న తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆ చంటివాడి కోసం ప్రతి గడపనూ, ప్రతి చూపునూ అనుమానించడం అప్పుడు అలవాటైంది. పిల్లవాడు పెద్దవాడై పట్టాళంలో చేరినా ఆ అలవాటు పోలేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం చైత్రమాసంలో ఒక ఉదయం ఆమె వాకిట్లో కళ్ళాపి చల్లి, పేడ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చింది. పడమటి గోడ మొదట్లో ఆమె పెంచుకునే కోడిపెట్ట మట్టిని కాళ్ళతో తోడి దేన్నో ముక్కుతో లాగుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే బాదం ఆకులో మడిచిన పొట్లం. విప్పితే అందులో అన్నం ముద్ద. పుల్లతో పక్కన కెలికితే ఇంకొకటి, బూజు పట్టినది. దాని కింద మరొకటి, మట్టిలో కలిసిపోయినది. కోడిని తరిమి, మూడింటినీ మళ్ళీ కప్పెట్టి, ఆ గోడ వైపే చూస్తూ నిలబడిపోయింది.

ఆ గోడకు అవతల తాతమ్మ ఇల్లు. తాతమ్మ మొగుడూ బిడ్డలూ లేని ముసలిది. నోట్లో నాలుగు పళ్ళు, ఇంట్లో నాలుగు కుండలు, అంతే ఆమె ఆస్తి. కూలికి పిలిస్తే వెళుతుంది, పిలవకపోతే చోడి పిండితో, అంటే రాగిపిండితో, కాచిన అంబలి తాగి పడుకుంటుంది. ఒంటరిగా బతికే ఆడదాని మీద లోకానికి ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది కదా. ఆ ఉదయం లక్ష్మణమ్మ రెండు కళ్ళూ ఆ ఇంటి మీదే పడ్డాయి.

ఆమె ఇంట్లో ఉన్న బాధ ఏమిటో ముందు చెప్పాలి. తమ్ముడు అప్పలసూరికి ఆమె తన కూతురు గౌరినే ఇచ్చి చేసింది. మేనరికం మన వైపు మామూలే. కిందటి దసరాకు సెలవు మీద వచ్చినప్పుడు అతను నవ్వుతూ, తుళ్ళుతూ ఊరంతా తిరిగాడు. ఇప్పుడు గౌరికి ఆరో నెల. మళ్ళీ సెలవు మీద వచ్చిన అప్పలసూరి మాత్రం ఆ మనిషి కాదు. పలకరిస్తే ఒక మాట, లేకపోతే అదీ లేదు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాడు. రాత్రిళ్ళు నిద్రలేదని గౌరి చెప్పింది. అన్నం వడ్డిస్తే అందరితో కూర్చోడు. పళ్ళెం పట్టుకుని పెరటి అరుగు మీదకు వెళ్ళి, ఇంటి వైపు వీపు పెట్టి తింటాడు. అక్కాబావలు అంబలి తాగుతూ తమ్ముడికని వరి అన్నం వండి పెడుతుంటే, అతను దాన్ని దొంగసొమ్ములా మింగుతున్నాడు.

ఏమైందిరా అని లక్ష్మణమ్మ అడగనే లేదు. తన తమ్ముడికి దానంతట అదే ఏదైనా అవుతుందని ఆమెకు తోచలేదు. ఎవరో చేసి ఉండాలి. ఎవరు చేశారన్నదే ఆమె ప్రశ్న. ఇదిగో, కోడి కాళ్ళతో జవాబు తవ్వి ఇచ్చింది.

చిల్లంగి అన్న మాట వింటే ఆ వైపు పల్లెల్లో నాగుపాముకన్నా ఎక్కువ భయపడతారు. గిట్టనివాళ్ళు అన్నంలోనో నీళ్ళలోనో మంత్రం పెట్టి మనిషిని లోపలినుంచి ఎండగడతారని నమ్మకం. చదువుకున్నవాళ్ళు పైకి నవ్వినా, పిల్లకు జ్వరం తగ్గకపోతే వాళ్ళూ చాటుగా పొరుగువాళ్ళను లెక్కపెట్టుకునేవారు. చిల్లంగి పెట్టారని ఊరు తేల్చితే శిక్ష కూడా ఊరిదే. పళ్ళు ఊడగొడతారు. పళ్ళు లేని నోట మంత్రం సరిగా తిరగదని ఒక వెర్రి తర్కం. ఆ పని పటకారుతో చేస్తారు. ఇలా ఎందరు అభాగ్యుల నోళ్ళు రక్తం కక్కాయో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

లక్ష్మణమ్మ మొగుడు నూకయ్య నెమ్మదైన మనిషి. పొట్లం సంగతి విని, కుక్కో పిల్లో తెచ్చి పెట్టుంటాదిలే అన్నాడు. కుక్క ఆకులో మడిచి పెడుతుందా అని ఆమె అడిగేసరికి ఆయన కండువా భుజాన వేసుకున్నాడు. జవాబు లేనప్పుడు భార్య మాట వినడం ఆయన పద్ధతి. ఇద్దరూ కలిసి పొరుగూరి ఎజ్జోడి దగ్గరకు వెళ్ళారు. పసర్లూ మంత్రాలూ రెండూ తెలుసునని పేరున్నవాణ్ణి అక్కడ ఎజ్జోడంటారు. పొట్లం ఎటువైపు దొరికిందని అతను అడిగాడు. పడమటి గోడ దగ్గరని లక్ష్మణమ్మ చెప్పింది. అతను కళ్ళు మూసుకుని చాలాసేపు ఊగి, మీకు పడమటివైపు మనిషే చేసిందని కళ్ళు తెరిచి చెప్పాడు. తను చెప్పిన మాటే తనకు తిరిగి వచ్చిందన్న ఆలోచన ఆమెకు రాలేదు. చెప్పగలిగాడు, మహానుభావుడు అనుకుంది.

ఇక తాతమ్మ చేసిన ప్రతి పనికీ కొత్త అర్థం పుట్టుకొచ్చింది. అప్పలసూరి వచ్చిన రోజున ముసలిది వాడి తల నిమిరింది. ఎందుకు నిమిరింది? గౌరికి ఎన్నో నెలే అని అడిగింది. ఆమెకెందుకు? లక్ష్మణమ్మ రోజూ గోడవార తవ్వి చూసింది. రోజూ ఒక కొత్త ముద్ద కనిపించింది. తమ్ముడి బతుకు, కూతురి కడుపులో బిడ్డ బతుకు ఆ ముద్దల కింద పూడుకుపోతున్నాయని ఆమె కుమిలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ప్రేమ నిజమైనదే. ఆ ప్రేమ పోయిన దారి తప్పు.

ఊరిపెద్ద జగన్నాధం నాయుడు విషయం విని గడ్డం గోక్కున్నాడు. ఆదివారం పొద్దున్న తన కళ్ళంలో తేలుద్దామన్నాడు. అప్పటిదాకా ఈ మాట సూరి చెవిన పడకూడదని లక్ష్మణమ్మ అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. చిల్లంగి తగిలినవాడు ఆ మాట వింటే ప్రాణం మీదికొస్తుందని ఎజ్జోడు హెచ్చరించాడు. గౌరి చేత కూడా ఒట్టు వేయించింది. గౌరి వేసింది గాని, తల్లి ముఖంలోకి చూసి వేయలేదు. తాతమ్మ చేత్తో జామపండ్లు తిని పెరిగిన పిల్ల ఆమె.

ఆదివారం వచ్చింది. అప్పలసూరిని పొద్దున్నే ఏరవతలి చెరుకుతోటకు నీళ్ళు కట్టడానికి పంపేశారు. లక్ష్మణమ్మ గోడవార ఆ రోజు ముద్దను తవ్వి, పొట్లంతో సహా చేటలో పెట్టుకుని వీధి అరుగు మీదకు వచ్చేసరికి ఒక కొత్త మనిషి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

కొత్త మనిషిని చూసి నవ్వే రోజులు కావవి. పార్వతీపురం కొండల వైపు గొడవలు మొదలయ్యాయి. ఊళ్ళోకి వచ్చినవాడు పోలీసువాడో, పోలీసులు వెతికేవాడో తెలిసేది కాదు. ఇతనికి నలభై అయిదేళ్ళుంటాయి. ఖాకీ సంచి, కాళ్ళకు బరువైన బూట్లు, దట్టమైన మీసం. నుదుట మాత్రం విభూతి. ఇది సిపాయి అప్పలసూరి ఇల్లేనా తల్లీ అని అడిగాడు.

"ఎవులు బాబూ తమరు?" అంది లక్ష్మణమ్మ చేటను కొంగుతో కప్పుతూ.

తన పేరు కాశీవిశ్వనాథమనీ, శృంగవరపుకోట వాడిననీ, అప్పలసూరి పనిచేసే పల్టనులో సిపాయిలకు పూజలు చేసే పండితుణ్ణనీ అతను చెప్పాడు. తనూ సెలవు మీద ఇంటికి వచ్చాడట. సూరిని ఒకసారి చూసి పోదామని రైల్లో ఆమదాలవలసలో దిగి, రాజాం దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి నడిచాడట. లక్ష్మణమ్మ ఒక్క ముక్కా నమ్మలేదు. తుపాకులు పట్టుకునే చోట పంతులుకేం పని? బ్రాహ్మడైతే పిలక ఏది? బూట్లేమిటి? పరీక్షిద్దామని కాసిని మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది. అతను చెంబు అందుకుని, ఎండలో వచ్చిన మనిషి కనుక గటగటా తాగేశాడు. ఆమె అనుమానం గట్టిపడింది. రైతు ఇంట నీళ్ళు ఇంత సులువుగా తాగే బ్రాహ్మణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.

చెంబు తిరిగి ఇస్తూ అతను అడిగాడు. "అన్నం సరిగా తింటున్నాడా అమ్మా? తినే ముందు ఒక ముద్ద తీసి పక్కన పెడుతున్నాడా?"

ఆ ప్రశ్నలో లక్ష్మణమ్మ చెవికెక్కింది ఒక్కటే మాట. ముద్ద. ముద్ద సంగతి ఒట్టు వేసిన ఊరివాళ్ళకూ ఎజ్జోడికీ తప్ప బయటివాడికి ఎలా తెలిసింది? ముద్ద పెట్టించినవాడికే తెలియాలి. అంటే తాతమ్మకు ఈ విద్య నేర్పిన గురువు వీడే. శిష్యురాలికి శిక్ష పడే రోజున సమయానికి వచ్చి నిలబడ్డాడు. ఆమె బుర్రలో చిక్కుముడులన్నీ ఒక్కసారి విడిపోయినట్టయింది. తప్పు దారిన పోయేవాడికి కూడా ఒక్కోసారి దారి అంతా వెన్నెలలా కనిపిస్తుంది.

"మావా, నాయుడు బాబూ, రండి రండి," అని ఆమె మొగుణ్ణీ ఊరిపెద్దనూ పిలుస్తూ వీధిలోకి కేక పెట్టింది.

కళ్ళంలో పదిమంది మగవాళ్ళు చేరి ఉన్నారు. తాతమ్మను అప్పటికే తెచ్చి గడ్డికుప్ప పక్కన కూలదోశారు. కాశీవిశ్వనాథాన్ని కూడా చేతులు పట్టుకుని తెచ్చి ఆమె పక్కన నిలబెట్టారు. అతను పెనుగులాడలేదు. చుట్టూ చూశాడు. ఊరిపెద్ద మంచం పట్టె మీద పటకారు కనిపించింది. ముసలిదాని వణుకు కనిపించింది. అడక్కుండానే సగం అర్థమైంది. లక్ష్మణమ్మ చేటలోని పొట్లం విప్పేసరికి మిగతా సగమూ అర్థమై అతని ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం పదిమందీ చూశారు. దొంగ దొరికాడనుకున్నారు.

జగన్నాధం ముందు తాతమ్మను అడిగాడు, ఈ ముద్ద నువ్వే పెట్టినావా అని.

తాతమ్మ చేటలోకి తొంగి చూసి, తల అడ్డంగా ఊపింది. "వరికూడే ఉంటే నాను తిననా నాయినా, గోడకింద పాతుతానా?" అంది.

ఆ ఒక్క మాటతో ఆ పంచాయితీ ముగిసిపోవలసింది. ఆమె ఇంట వరి అన్నం ఉడికి ఎన్నాళ్ళయిందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చేటలో ఉన్నది తెల్లటి వరి అన్నం, మునగాకు కూర కలిపినది. కళ్ళు ఉన్నవాళ్ళే అందరూ. కాని అనుమానం వచ్చినవాడికి తను వెతికేది తప్ప మరొకటి కనబడదు. ముసలిది ఎదురు మాట్లాడుతోందన్నారు.

జగన్నాధం కొత్తమనిషి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు. ఈ ముద్ద సంగతి నీకెలగ తెలిసింది?"

కాశీవిశ్వనాథం వెంటనే బదులు చెప్పలేదు. చెప్పడానికి అతని దగ్గర మాట లేక కాదు. రెండు వాక్యాలు చెబితే అతనూ ఆ ముసలిదీ బయటపడతారు. కాని ఆ రెండు వాక్యాలూ అతనివి కావు. చలిమంట దగ్గర ఒక సిపాయి ఏడుస్తూ తన చెవిలో పెట్టినవి. పల్టనులో తుపాకి పట్టని మనిషి తనొక్కడే. తన పనల్లా విన్నదాన్ని కడుపులో దాచుకోవడం. దాచుకోని గురువు దగ్గర రేపు ఏ సిపాయీ నోరు విప్పడు.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి. "కాని అది నా నోటంట రాకూడదు. అప్పలసూరిని పిలిపించండి. అతనే చెప్పాలి."

సూరి వినకూడదని లక్ష్మణమ్మ అరిచింది. చూశారా, వాడి నోటంట రాదట అని ఎవరో అన్నారు. పళ్ళు ఊడితే వస్తుందని ఇంకెవరో అన్నారు. నలుగురు తాతమ్మ వైపు కదిలారు. అప్పుడు కాశీవిశ్వనాథం మాట్లాడకుండా ముసలిదాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పళ్ళే కావాలంటే నావి ముందు తీయండి. సూరి వచ్చేదాకా ఈ తల్లి మీద చెయ్యి వెయ్యకండి."

ఈ మాటతో జనం కాస్త తగ్గారు. ప్రాణభయం ఉన్నవాడు ఇలా మాట్లాడడని కొందరికి తోచింది. ఇదీ ఒక ఎత్తేమోనని లక్ష్మణమ్మకు తోచింది. పటకారు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర వాదన మొదలైంది. చెడ్డపనికి ఊరంతా ఒకటవుతుంది గాని, చెయ్యి పెట్టవలసి వచ్చేసరికి ఎవడి చెయ్యి వాడు వెనక్కి తీసుకుంటాడు. ఆ వాదనే వాళ్ళను కాపాడింది.

కళ్ళం గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న గౌరి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. అమ్మకు వేసిన ఒట్టు తప్పి, ఆరు నెలల కడుపును చేత్తో పట్టుకుని ఆమె ఏరు దాటింది. కాసేపటికి బురద కాళ్ళతో, చేతిలో పారతో అప్పలసూరి పరుగెత్తుకు వచ్చాడు. వెనక ఆయాసపడుతూ గౌరి వచ్చింది.

సూరికి ముందు కనిపించింది నేల మీద కూర్చున్న మనిషి. పార కింద పడేసి, మడమలు కలిపి, నిటారుగా నిలబడ్డాడు. "రామ్ రామ్, పండిత్‌జీ," అన్నాడు. సెలవు మీద వచ్చాక అతని గొంతు అంత స్పష్టంగా పలకడం లక్ష్మణమ్మ వినడం అదే మొదటిసారి.

పండితుడు తల ఊపి, చేట వైపు చూపించాడు. సూరి చేటను చూశాడు, పటకారును చూశాడు, తాతమ్మను చూశాడు.

"అప్పా," అన్నాడు అక్కతో, "నిన్న రాత్రి మనింట్లో ఏటి కూర?"

లక్ష్మణమ్మకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "మునగాకు," అంది.

"మరి ఆ ముద్దలో ఉన్నదేటి?"

ఆమె చేటలోకి చూసింది. రోజూ తవ్వి చూసిన మనిషే, తన చేతి వంటను తను పోల్చుకోలేదు.

"నానే పెట్టినాను," అన్నాడు సూరి. "రోజూ నానే పెడతన్నాను."

తర్వాత అతను చెప్పినది ఆ ఊరివాళ్ళు చాలాకాలం మరిచిపోలేదు. మంచుకొండ మీద వాళ్ళ కాపలా పోస్టుకు బియ్యం, కిరసనాయిలు కిందనుంచి భుజాల మీద మోసుకుపోవాలి. వంతులుంటాయి. ఒక రోజు సూరి వంతు వచ్చింది.

"నాకు జొరం. పెద్ద జొరమేటీ కాదప్పా, లెగిస్తే లెగగలను. మాధవన్ అని నా జతగాడు, మలయాళం గుంటడు, నువ్వు పడుకో నానెల్తానన్నాడు. నాను పడుకున్నాను. తిరిగొస్తంటే మంచు ఇరిగి ఆళ్ళ మీద పడిపోనాది. మనిషి దొరకలేదు. ఆడు మోసిన మూట దొరికింది." సూరి చేటలోని ముద్ద తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పాడు. "ఆ బియ్యమే వండినారు. మరింకేటి లేదు అక్కడ తినడానికి. ఆ కూడు నా గొంతు దిగలేదప్పా. అదే కాదు, ఏ కూడూ దిగలేదు. పండిత్‌జీ వచ్చి నా పక్కన కూకున్నారు. ముందు ఆడికి ఒక ముద్ద తీసి నేలకియ్యి, ఆ తరవాత నువ్వు తిను అన్నారు. అప్పుడు దిగింది. అలగే బతికినాను."

"నాకు సెప్పకపోనావా తమ్ముడా," అంది లక్ష్మణమ్మ.

"ఎలగ సెప్పను? గౌరి కడుపుతో ఉన్నాది. కడుపుతో ఉన్నదాని మొగుడు సచ్చినోడికి ముద్ద పెట్టకూడదని నువ్వే కదా సెప్పేదానివి. తెలిస్తే ఒద్దంటావు. మానేస్తే నాకు కూడు దిగదు. పెడితే బిడ్డకేటవుతాదో అని భయం. అందుకే దొంగలాగ పాతినాను. దానికి తాతమ్మ పళ్ళు ఊడగొడతారా?"

అతను కళ్ళం మధ్యలో కూర్చుని పెద్దపెట్టున ఏడ్చాడు. మంచుకొండ మీద ఏడవగా మిగిలిన ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. గౌరి వెళ్ళి పక్కన కూర్చుంది. జగన్నాధం పటకారు తీసి మంచం కింద పెట్టాడు. ఎవరి ముఖం వైపు ఎవరూ చూడలేదు.

కాశీవిశ్వనాథం లేచి తాతమ్మను లేవదీసి మంచం మీద కూర్చోబెట్టాడు. అందరి వైపూ తిరిగి మాట్లాడాడు. అతని గొంతులో కోపం లేదు, నెమ్మది మాత్రం ఉంది.

"నాయుడుగారూ, ఇందులో నా తప్పు కూడా ఉంది. పల్టనులో నేను పూజ చేస్తాను, ఆస్పత్రిలో పడుకున్నవాడి మంచం దగ్గర కూర్చుంటాను, పోయినవాడికి మంత్రం చెబుతాను. బ్రతికున్నవాడికి ఒక దారి చూపిస్తాను. కాని వాడు రైలెక్కాక నా పని అయిపోయిందనుకుంటాను. ఇంటి దగ్గర వాడికోసం ఎదురుచూసే అక్కకూ భార్యకూ ఎవరు చెబుతారు? మందు నేనిచ్చాను. పథ్యం ఇంటివాళ్ళకు చెప్పలేదు. ఆ మందును మీరు విషమనుకున్నారు."

తర్వాత సూరి దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. కడుపుతో ఉన్నదాని భర్త పిండం పెట్టకూడదన్నది నిజమేనని ఒప్పుకున్నాడు. కాని ఇది పిండం కాదని, స్నేహితుడి కోసం అట్టేపెట్టిన అన్నమని, అన్నం పెట్టిన పుణ్యం కడుపులో బిడ్డకు కీడు చేయదని చెప్పాడు. ఇకమీదట దాన్ని మట్టికి ఇవ్వొద్దని, మాధవన్ పేరు చెప్పి ఆకలిగా ఉన్న ఒక నోటికి అందరూ చూస్తుండగా ఇవ్వమన్నాడు. సూరి తల ఊపాడు. ఆకలిగా ఉన్న నోరు ఎక్కడుందో ఆ ఊళ్ళో వెతకనక్కరలేకపోయింది.

ఆ మధ్యాహ్నం లక్ష్మణమ్మ వేడి అన్నం వండి, మునగాకు వేయించి, అరిటాకులో పెట్టుకుని పడమటింటికి వెళ్ళింది. గోడకు ఇవతల పెరట్లో అప్పలసూరి, పండితుడు, నూకయ్య పళ్ళేల ముందు కూర్చుని ఉన్నారు. ముసలావిడ తినేదాకా అన్నం కలపనన్నాడు సూరి.

తాతమ్మ గడపలో కూర్చుని ఉంది. లక్ష్మణమ్మ ఆకు ఆమె ముందు పెట్టింది. క్షమించమని అడగాలని వండుతున్నంతసేపూ మాటలు కూర్చుకుంది గాని, తీరా తిను అని మాత్రం అంది. తాతమ్మ అన్నం వైపు చూసింది. చెయ్యి చాచలేదు. ఆకలితో ఉన్న ముసలిది, ఎన్నాళ్ళకో వరి అన్నం ముందు కూర్చుని, ఎదుటి మనిషి ముఖంలోకి చూసింది.

"ఏటి కలిపినావే ఇందులో?" అంది.

తను ఇన్నాళ్ళూ ఇతరుల మీద వేసిన చూపు ఎలా ఉంటుందో లక్ష్మణమ్మకు మొదటిసారి తెలిసింది. కోపం తెచ్చుకునే హక్కు తనకు లేదు. ఒట్టు వేసినా నమ్మకం రాదు. ఆమె నేల మీద చతికిలబడి, ఆ ఆకులోంచే ఒక ముద్ద కలిపి, తాతమ్మ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. ఏడుపు అడ్డుపడి అది గొంతు దిగలేదు. తమ్ముడికి ఎందుకు దిగలేదో అప్పుడు అర్థమైంది. ఎలాగో మింగింది.

తాతమ్మ ఆమె మింగేదాకా చూసింది. ఆకును తన వైపు లాక్కుంది.

"ఉప్పు తక్కువేసినావు," అంది, తింటూ.

గోడ అవతల అప్పలసూరి మాధవన్ పేరు ఒకసారి పైకి అనుకుని, అన్నంలో చెయ్యి పెట్టాడు. ఆ రోజు ఇంటి వైపు వీపు పెట్టలేదు. ఒక్కరోజులో అతను మునుపటి మనిషి అయిపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. రాత్రిళ్ళు ఇంకా లేచి కూర్చునేవాడు. కాని లేచినప్పుడు గౌరి కూడా లేచి కూర్చునేది, అతను చెప్పేవాడు, ఆమె వినేది. సెలవు ముగిసి వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరి కన్నా ముందు తాతమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో పట్టాళానికి పోయిన పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. సెలవు మీద వచ్చిన కొడుకు మాట్లాడటం లేదనో, తినడం లేదనో ఏ తల్లి అయినా కళ్ళు తుడుచుకుంటూ వస్తే, లక్ష్మణమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒకే ఒక్క మాట చెప్పేది: "ఎవులు సేసినారని ఊరంతా ఎతక్కు తల్లీ, ఏటయ్యిందని నీ బిడ్డనే అడుగు."